గగనమార్గముల కావలివారు

పెనుకొండ దుర్గముపై నిలిచి చూచినచో నలుదెసల దారులును కనిపించును. 1565లో తళ్ళికోట యుద్ధము తరువాత విజయనగర ప్రభువులు తమ రాజధానిని ఇచ్చటికి మార్చుకొనిరి. నాడు కావలివారు కొండపైనుండి నేలమీది దారులను చూచుచుండిరి. నేడు కొందరు నేలమీద కూర్చుండి ఆకాశపు దారులను కాయుచున్నారు. వీరే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు.

ఈ వృత్తి పుట్టి నూరేండ్లు దాటినది. 1920లో లండను సమీపమున క్రోయ్‌డన్ విమానాశ్రయములో మొదటి నియంత్రణ గోపురము వెలసెను. అమెరికాలోని సెయింట్ లూయీలో 1929లో ఆర్చీ లీగ్ అను నతడు ఒక కుర్చీ, ఒక గొడుగు, రెండు జెండాలతో ఈ పని చేసెను. ఎఱ్ఱజెండా చూపినచో ఆగవలెను. గళ్ళజెండా చూపినచో సాగవలెను. మరుసటి యేడు క్లీవ్‌లండ్ గోపురములో జెండాల స్థానమును రేడియో ఆక్రమించెను.

మన దేశమున 1932 అక్టోబరు 15న టాటా వారి తపాలా విమానము కరాచీలో బయలుదేరి అహమ్మదాబాదు మీదుగా బొంబాయి చేరెను. అచ్చటనుండి నెవిల్ విన్సెంట్ దానిని మద్రాసుకు నడిపెను. నడుమ ఆగిన ఊరు మన పొరుగుననున్న బళ్ళారి. 1882 వరకు అనంతపురము సీమ ఆ జిల్లాలోనిదే. అప్పటి వైమానికునకు దారి చెప్పు రేడియో లేదు. నదులు, రైలుపట్టాలే గుర్తులు.

విమానములు పెరిగినకొలది నియమములు అవసరమయ్యెను. 1944 చికాగో ఒడంబడికపై 1947లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఏర్పడెను. 1948లో మన ప్రభుత్వము అలహాబాదులో శిక్షణ కేంద్రమును నెలకొల్పెను. 1986లో జాతీయ విమానాశ్రయ సంస్థ, 1995లో నేటి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఏర్పడినవి.

ఈ పనిలో క్షణము విలువ యెంత? గంటకు 900 కిలోమీటర్ల వేగముగల రెండు విమానములు ఎదురెదురుగా వచ్చుచున్నవనుకొనుడు. వాని నడిమి దూరము సెకనుకు అర కిలోమీటరు చొప్పున తరుగును. పది కిలోమీటర్ల ఎడము ఇరువది సెకన్లలో మాయమగును.

1996 నవంబరు 12న చర్ఖీ దాద్రి వద్ద ఇట్టి ఘోరమే జరిగెను. ఢిల్లీనుండి పైకి లేచుచున్న సౌదీ విమానమునకు 14,000 అడుగులు, దిగివచ్చుచున్న కజక్ విమానమునకు 15,000 అడుగులు నిర్ణయింపబడినవి. కజక్ విమానము ఆ హద్దును దాటి దిగెను. 349 మంది మరణించిరి. ఇట్టి అనుభవముల ఫలితముగా, వైమానికులకును కంట్రోలర్లకును ఆంగ్లభాషణములో కనీసము నాలుగవ శ్రేణి యుండవలెనను నియమము 2003లో స్వీకరింపబడి 2008లో అమలునకు వచ్చెను.

మరి హిందూపురము, ధర్మవరము విద్యార్థులకు దారి యేది? అది దూరము కాదు. భౌతిక, గణిత శాస్త్రములతో బి.ఎస్సీ. గాని, ఆ రెండు విషయములు చదివిన ఇంజనీరింగు పట్టము గాని చాలును. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ జూనియర్ ఎగ్జిక్యూటివ్ పదవులకు పరీక్ష జరుపును. సాధారణ వయఃపరిమితి 27 ఏండ్లు. పిదప కంఠస్వర పరీక్ష, వైద్య పరీక్ష యుండును. ఎన్నికైనవారు ప్రయాగ్‌రాజ్, హైదరాబాదు, గోండియాలలోని కేంద్రములలో శిక్షణ పొంది, నియమింపబడినచోట అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పని నేర్చుకొందురు.

ఇందు ఒక మెలకువ గలదు. ఇంటరులో గణితమును విడిచినవారికి ఈ ద్వారము దాదాపు మూతపడును. ఆ నిర్ణయము పదునారేండ్ల ప్రాయమున, తరచు సలహా చెప్పువారు లేకయే జరుగుచున్నది. పిల్లలు విమానమనగానే వైమానికునే తలతురు. గోపురములోని మనిషిని ఎరుగరు. పదవ తరగతి ముగియకముందే ఉపాధ్యాయులు ఈ సంగతి చెప్పవలెను. ఆంగ్లమును చదువుటయే కాక స్పష్టముగా పలుకుటయు అలవరుపవలెను.

పెనుకొండ మీదుగా పోవు విమానమును ఈసారి చూచినపుడు, దానితో మాటలాడుచున్న ఆ కంఠము రేపు మన పల్లెవానిది కావచ్చునని తలంతురు గాక!