మార్లవాయి బడి: చదువులోని కష్టం, ఆ కష్టంలోని సంబురం

చదువు ఆనందంగా ఉండాలంటే దాన్ని తేలిక చేయాలన్నది ఇవాళ బడుల్లో అందరూ ఒప్పుకున్న మాట. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల విద్యా చరిత్ర ఈ మాటను బలపరచదు. ఆ చరిత్రను మనం చెప్పుకునే తీరులోనే లోపం ఉంది. నిజాం కాలమంతా చీకటి, ఆ తర్వాత వెలుగు అన్నది ఒక కథ. అడవిలో అక్షరం తెలియని గోండులకు ఒక విదేశీ పండితుడు చదువు ప్రసాదించాడన్నది ఇంకో కథ. నేర్చుకున్నవాళ్లు ఏం చేశారన్న ప్రశ్న ఈ రెండింటిలోనూ కనిపించదు.

తొలి దశలు తెలిసినవే. బాసరలో అక్షరాభ్యాసం, ధర్మపురి, మంథనిలో వేదాధ్యయనం, ఊళ్లలో వీధిబడి పంతుళ్లు వల్లె వేయించిన ఎక్కాలు. నిజాం ప్రభుత్వ బడుల్లో బోధన ఉర్దూలో సాగేది. తెలుగులో చెప్పే ఖాన్గీ (ప్రైవేటు) బడులకు సర్కారు అనుమతి కావాలి. ఈ చదువుల నుంచే హనుమాజీపేట సి. నారాయణరెడ్డి, ఆదిలాబాద్ సామల సదాశివ వచ్చారు. ఉర్దూ మాధ్యమంలో చదివిన నారాయణరెడ్డి తెలుగుకు జ్ఞానపీఠం తెచ్చారు. సదాశివ ఉర్దూ, ఫారసీ సాహిత్యాలను, హిందుస్తానీ సంగీతాన్ని తెలుగువాళ్లకు దగ్గర చేశారు. వీళ్లను చూపించి, పరాయి భాష కష్టమే మనిషిని పదును పెట్టిందని వాదించేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆ బడి గడప దగ్గరే వెనక్కి తిరిగిన వేలమంది ఏ జీవితచరిత్రలోకీ ఎక్కలేదు. భాష తెలియక నిలిచిపోవడం గోడకు తగలడం. తెలిసిన భాషలో కొత్త విషయంతో కుస్తీ పట్టడం మెట్టు ఎక్కడం. చదువులో సంబురం ఈ రెండో కష్టానిదే.

ఈ తేడా తేటగా కనబడే చోటు మార్లవాయి. ఇప్పుడు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలంలో ఉంది. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమురం భీం పోరాటం నెత్తురులో ముగిసింది. ఆ కలతకు కారణాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో మకాం పెట్టారు. 1943లో గోండు విద్యా పథకం మొదలైంది, ఆ ఊళ్లోనే ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం వెలిసింది.

ఇక్కడ జరిగింది మామూలు పని కాదు. బయటి నుంచి పంతుళ్లను తేకుండా గోండు యువకులనే పంతుళ్లుగా తయారు చేయాలనుకున్నారు. నాగలి పట్టిన చేతులు బలపం పట్టాయి. గోండీలో వాచకాలు రాయించి దేవనాగరిలో అచ్చు వేయించారు. ముందు సొంత భాషలో చదవడం, రాయడం. ఆ తర్వాత మరాఠీ, ఉర్దూ. చివరికి తమ గూడేనికి వెళ్లి పిల్లల ముందు నిలబడటం. భాష తాలూకు గోడ తీసేశారు గాని మెట్టు ఎత్తు మాత్రం తగ్గించలేదు. ఈ కేంద్రం నుంచి ఉపాధ్యాయులే కాదు, పట్వారీలూ అటవీ ఉద్యోగులూ వచ్చారు.

ఆ కష్టానికి ఒక అర్థం కూడా ఉండేది. అప్పటిదాకా షావుకారు రాసుకున్న లెక్కకూ, చౌకీదారు చేతిలో పెట్టిన రసీదుకూ వేలిముద్ర వేయడమే గోండుల వంతు. 1940లలో ఆదిలాబాద్ ఆదివాసులకు లక్షన్నర ఎకరాలకు పైగా భూమి పట్టా అయింది. తన పేరున ఉన్న కాగితాన్ని తానే కూడబలుక్కుని చదివిన మనిషికి ఆ చదువు ఎందుకని ఎవరూ చెప్పనక్కర్లేదు.

అయినా ఘనతంతా హైమెన్‌డార్ఫ్‌కు కట్టబెట్టడం సరికాదు. నార్నూరు మండలం గుంజాలలో దొరికిన రాతప్రతులు గోండీకి సొంత లిపి ఉందని చూపాయి. అవి ఊరంతా చదివిన పుస్తకాలని నేను అనను, కొద్దిమంది చేతుల్లోనే ఉండి ఉండవచ్చు. కాని అక్షరమే ఎరుగని జాతి అన్న మాట మాత్రం నిలవదు. కిక్రి అనే తీగవాద్యం వాయిస్తూ గోండుల కథాగాయకులు పర్ధాన్‌లు పాడే కథలు రాత్రుళ్లు సాగేంత పెద్దవి, వాటిని నోటికి పట్టడం ఏళ్ల సాధన. దీపావళి వేళ దండారీ పండుగలో నెమలీకల టోపీ బరువు తలమీద నిలుపుకుని, డప్పు జోరుకు అడుగు తప్పకుండా గుస్సాడీ ఆడటమూ తేలికైన విద్య కాదు. గుస్సాడీ నేర్పి 2021లో పద్మశ్రీ పొందిన కనకరాజుదీ మార్లవాయే. కష్టపడి నేర్చుకోవడంలోని రుచి ఆ గూడేలకు ముందే తెలుసు. ఆ రుచి కాగితం మీదికి వచ్చే దారి తెరుచుకోవడమే 1943లో జరిగిన కొత్త సంగతి.

ఆ దారి ఎక్కువ కాలం నిలవలేదు. రాష్ట్రం మారింది, పాలనా భాష మారింది, గోండీ తరగతి గది నుంచి తప్పుకుంది. గోండు పిల్లలకు ఉర్దూ గోడ పోయి తెలుగు గోడ వచ్చింది.

తర్వాతి దశలు చకచకా నడిచాయి. 1990లలో జిల్లా ప్రాథమిక విద్యా పథకానికి (డీపీఈపీ) ముందుగా ఎంపికైన జిల్లాల్లో కరీంనగర్ ఒకటి. ఆటపాటల చదువు వచ్చి పిల్లల భయం తగ్గించింది, అది మంచిదే. కాని భయంతో పాటు బరువైన ప్రశ్న కూడా బయటికి పోయింది. 2008లో బాసరలో ట్రిపుల్ ఐటీ పెట్టి ఊరి బడుల్లో బాగా చదివిన పిల్లలకు పెద్ద సవాలు అందించడం గొప్ప ఆలోచన. అక్కడి విద్యార్థులు 2022లో కనీస వసతుల కోసం రోజుల తరబడి బైఠాయించాల్సి రావడం మన సిగ్గు. ఇక కరీంనగర్ కార్పొరేట్ హాస్టళ్లలో కష్టానికి కొదవ లేదు. అయితే ఆ కష్టమంతా ర్యాంకుది, లెక్కది కాదు. జవాబు దారి ముందే బట్టీ పట్టించాక పిల్లవాడు కనిపెట్టడానికి మిగిలేదేమీ లేదు. 2022లో సర్కారు బడుల్లోకి వచ్చిన తొలిమెట్టు కార్యక్రమం చదవడం, రాయడం గట్టిపరచాలని చూస్తోంది. అవసరమైన పనే, కాని దాన్నే గమ్యమనుకుంటే ప్రమాదం.

గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. అది సభల్లో బ్యానర్లకే పరిమితమైతే ప్రయోజనం లేదు. ఆ లిపిలో, ఆ భాషలో పిల్లల్ని తలబద్దలు కొట్టుకునేలా చేసే ప్రశ్నలు రావాలి. ఐదో తరగతి పిల్లల చేతికి ఒక తాడు ఇచ్చి, ఊరి పక్కన వంకరటింకర చెలక చూపించి, ఇది ఎన్ని గుంటలో తేల్చండి అనవచ్చు. గుంటకు 121 చదరపు గజాలని మాత్రం చెప్పి సారు పక్కకు జరగాలి. వాళ్లు తగవులాడుకుంటారు, తప్పుతారు, మళ్లీ కొలుస్తారు. పూట గడిచినా తేలకపోతే మర్నాడు మళ్లీ వెళ్తారు. సిలబస్ అంత సమయం ఇవ్వదని ఉపాధ్యాయులు అంటే అది నిజమే, అందుకే మారాల్సింది సిలబస్. పట్టా కాగితం కోసం అక్షరం నేర్చుకున్నవాళ్ల మనవళ్లకు ఈ లెక్క చాలా కష్టమని ముందే తీర్మానించే హక్కు మనకు లేదు.