చేనులో ఏ చెట్టు ఉండాలి? మన్యం చరిత్ర చెప్పే మాట

1879 మార్చిలో రంప దేశంలో పితూరీ లేచింది. దాన్ని మనం వీరుల కథగా చదువుకుంటాం. ఆ పోరాటానికి ఒక కారణం చెట్టు అని మాత్రం తక్కువమందికి గుర్తుంటుంది. అది జీలుగు. ఇంటి వాడకానికి గీసుకునే కల్లును కూడా ప్రభుత్వం అబ్కారీ గుత్తేదార్ల చేతిలో పెట్టింది. రంప మన్సబ్‌దారు చిగురుపన్ను పేరుతో కల్లు మీద వసూళ్లు చేశాడు. కారం తమ్మన్నదొర వంటి నాయకులతో కలిసి జనం తిరగబడ్డారు. తమ్మన్నదొర 1880లో ప్రాణాలు కోల్పోయాడు. కాని మన్సబ్‌దారును ప్రభుత్వం తొలగించక తప్పలేదు.

ఒక చెట్టు కోసం ఇంత పోరాటం ఎందుకు? మన పెద్దల సేద్యంలో చెట్టు, పంట, పశువు వేరువేరుగా లేవు కాబట్టి.

పోడు అంటే అడవిని నరికి కాల్చడమేనని బయటివాళ్లు చాలాకాలం రాశారు. కాని పోడు కొట్టేటప్పుడు మనవాళ్లు అన్ని చెట్లూ కొట్టలేదు. ఇప్ప, చింత, మామిడి, పనస, జీలుగు చెట్లను వదిలేసి, వాటి మధ్య చోళ్లు, సామలు, కొర్రలు, కందులు చల్లారు. కోతలయ్యాక పశువులు ఆ చేలోకే దిగేవి. మోళ్లు మేసి, చెట్ల నీడన పడుకుని, నేలకు పేడ ఇచ్చేవి.

వదిలిన ప్రతి చెట్టుకూ ఒక లెక్క ఉంది. ఇప్ప వేసవిలో పూస్తుంది. అప్పటికి చేలో పంట ఉండదు, ఇంట్లో గింజలు తగ్గుతుంటాయి. రాలిన పువ్వును మనుషులు ఏరుకుంటారు, మేకలూ పశువులూ తింటాయి. గింజ నుంచి నూనె వస్తుంది. పనస కాయ మనకు, ఆకు మేకలకు. చింత నీడ చిక్కన, దాని కింద పంట సరిగా రాదు. అందుకే అది గట్టు మీదో, ఊరి పక్కనో, పశువులు నిలబడే చోటో ఉంటేనే మేలు. జీలుగు కల్లు ఇస్తుంది, కరువులో దాని మానులోని పిండి కడుపు నింపింది. అయితే జీలుగు కొన్నేళ్లు గెలలు వేసి చనిపోతుంది. ఒక తరం మొక్కలు కాపాడకపోతే తర్వాతి తరానికి చెట్టు ఉండదు.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు గీతలు పడి, పోడు మీదా పశువుల మేత మీదా ఆంక్షలు పెరిగాయి. ఏ చెట్టు ఉంచాలో, ఏది కొట్టాలో చెప్పే అధికారం ఊరి నుంచి ఫారెస్టు ఆఫీసుకు పోయింది. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం నడవడానికి ఉన్న కారణాల్లో పోడు ఆంక్షలు ఒకటి, రోడ్డు పనుల వెట్టి మరొకటి.

తర్వాతి మార్పు కాఫీతో వచ్చింది. పాడేరు, అరకు కొండల్లో కాఫీకి నీడగా సిల్వర్ ఓక్ నాటారు. అది ఆస్ట్రేలియా చెట్టు. నిటారుగా, త్వరగా పెరుగుతుంది, మిరియం తీగ ఎక్కుతుంది, కలప వస్తుంది. చాలా కుటుంబాలకు ఆదాయం తెచ్చింది. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపూ వచ్చింది. కాని సిల్వర్ ఓక్ పండు ఇవ్వదు, దాని ఆకు పశువుకు మంచి మేత కాదు. మైదానాల దగ్గరి పల్లెల్లో నాటిన జామాయిల్‌దీ అదే తీరు. పశువులు ముట్టవు కాబట్టి కంచె లేకుండా పెంచవచ్చన్నారు. పశువు ఉన్న ఇంటికి ఆ సుగుణమే లోటు.

ఇప్పుడు నిర్ణయం మళ్లీ మన చేతికి వచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం సాగులో ఉన్న భూమికి, నాలుగు హెక్టార్ల వరకు హక్కు ఇచ్చింది. చిన్నతరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యాన్నీ గుర్తించింది. పట్టా వచ్చిన చేలో ఈరోజు మీరు నాటే మొక్క మీ పిల్లల కాలానికి చెట్టవుతుంది. అందుకే నర్సరీలో ఉచితంగా దొరికిందనే కారణంతో నాటకండి.

నాటేముందు అడగవలసినవి కొన్నే. ఎండాకాలంలో అది పశువుకు ఏమిస్తుంది? దాని నీడలో చోళ్లు, కందులు నిలుస్తాయా? కలప కొనేవాడు రాని ఏడాది అది ఇంటికి ఏమిస్తుంది? త్వరగా మేత కావాలంటే గట్ల మీద అవిసె వేయవచ్చు. సుబాబుల్ కూడా త్వరగా మేత ఇస్తుంది, కాని మేతలో మూడో వంతు మించితే పశువుకు హాని, విత్తనం రాలి చేనంతా అల్లుకుంటుంది కూడా. కాఫీ తోటలో సిల్వర్ ఓక్ ఉండనివ్వండి, మధ్యమధ్య పనస, మామిడి కలపండి. చేలో మిగిలిన ఇప్ప చెట్టును మాత్రం కొట్టకండి. అది కాపుకు రావడానికి పదేళ్లు పడుతుంది, కొట్టడానికి ఒక పూట చాలు.

ఈ వేసవిలో మీ ఊరి పెద్దలతో చేలు తిరగండి. ఏ చెట్టును ఎవరు వదిలారో, ఎందుకు వదిలారో అడిగి రాసుకోండి. అది మన చరిత్ర. వచ్చే తొలకరికి ఏ మొక్క నాటాలో కూడా అదే చెబుతుంది.