శిస్తు అధికారియే తీర్పరి: 50వ అధికరణము వెనుక వాదము

2022 వరకు మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడును మదనపల్లె రెవెన్యూ డివిజనులోనే ఉండేవి. సబ్ కలెక్టరు కచేరీ అక్కడి కాపరులకు తెలియనిది కాదు. బ్రిటిషు పాలనలో శిస్తు వసూలు చేయించే అధికారియే మేజిస్ట్రేటుగా కూర్చుండి శిక్ష విధించేవాడు. నేరము మోపిన ప్రభుత్వమునకే లోబడినవాడు తీర్పరియైతే బీద రైతు ఎవరికి మొరపెట్టుకోగలడు?

1948 నవంబరులో రాజ్యాంగ సభ దీనిని చర్చించింది. న్యాయశాఖను కార్యనిర్వాహక శాఖ నుండి వేరుచేయుటకు అంబేద్కర్ ప్రతిపాదనలో మొదట మూడేండ్ల గడువు ఉన్నది. చర్చలో దానిని తీసివేశారు. అలా గడువు లేని ఆదేశిక సూత్రముగా 50వ అధికరణము నిలిచింది. అధికారములన్నిటిని పూర్తిగా విడదీయాలన్న కె.టి.షా సవరణను సభ త్రోసిపుచ్చింది. శాసనసభకు జవాబు చెప్పే మంత్రివర్గమును కోరుకున్న సభకు అది సహజమే. గడువు తీసివేతను మాత్రము మేము సమర్థించలేము. 1974 ఏప్రిల్ 1న కొత్త నేర విచారణ స్మృతి అమలులోనికి వచ్చిన తరువాతనే జుడీషియల్ మేజిస్ట్రేట్లు హైకోర్టు అజమాయిషీలోనికి వచ్చే పద్ధతి దేశమంతటా స్థిరపడింది. శాంతిభద్రతల విషయములో మేజిస్ట్రేటు అధికారము నేటికీ రెవెన్యూ అధికారుల చేతిలో ఉన్నది.