చత్వారం, కళ్ళజోడు, మోటారు సైకిలు

పోయిన నెలలో ఓ రాత్రి నార్కట్‌పల్లి దాటి నల్లగొండ వైపు బండి మీద వస్తున్నాను. వెనక మా ఆవిడ. వేగం చూద్దామని మీటరు వైపు కళ్ళు దించాను. ముల్లు నలభై మీదుందో అరవై మీదుందో తేలలేదు. కళ్ళు చిట్లించి రెండు సెకన్లు అలాగే చూశాను. తలెత్తేసరికి స్పీడ్ బ్రేకర్ మీద ఉన్నాం. పడలేదు గానీ మా ఆవిడ నడుము పట్టేసి వారం రోజులు మంచం దిగలేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లంటే 33 మీటర్లు. అంత దూరం నేను రోడ్డు చూడకుండా నడిపానన్నమాట!

చూడడానికొచ్చిన మా బావగారు ఊరుకోలేదు. "మన పూర్వీకులు కళ్ళజోళ్ళు పెట్టుకున్నారా? రోజూ దీపం వైపు రెప్ప వేయకుండా చూడు, కళ్ళకు వ్యాయామం చెయ్యి, అద్దాల అవసరమే ఉండదు" అన్నారు.

సరే, పూర్వీకుల సంగతే చూద్దాం. 'చత్వారం' అనే మాట ఎక్కడిది? సంస్కృతంలో నలభైని చెప్పే 'చత్వారింశత్' నుంచి వచ్చింది. నలభై దాటితే దగ్గరి చూపు తగ్గుతుందని పూర్వీకులకు తెలుసు కాబట్టే ఆ పేరు పెట్టారు. వాళ్ళకు జబ్బు లేక కాదు, అద్దం లేక ఊరుకున్నారు. ఇటలీలో జోర్డానో అనే క్రైస్తవ సన్యాసి 1306లో, కళ్ళజోడు చేసే విద్య పుట్టి ఇంకా ఇరవై ఏళ్ళు కాలేదని ప్రసంగంలో చెప్పాడు. మన దగ్గరికొస్తే, కృష్ణదేవరాయల కాలంలో, 1520 ప్రాంతంలో, మధ్వ పీఠాధిపతి వ్యాసరాయలు కళ్ళజోడుతో గ్రంథం చదివినట్టు సోమనాథకవి 'వ్యాసయోగిచరితం'లో ఉందని పి.కె. గోడే చూపించారు. అంత పెద్ద యతికే తప్పనిది మనకు తప్పుతుందా?

ఇక వ్యాయామం. దగ్గరి వస్తువును చూసేటప్పుడు కంటిలోని కటకం ఉబ్బుతుందని హెల్మ్‌హోల్ట్జ్ 1855లో వివరించాడు. వయసుతో ఆ కటకం గట్టిపడుతుంది. కండరానికి ఎంత కసరత్తు చేయించినా గట్టిపడిన కటకం మెత్తబడదు. అమెరికాలో విలియం బేట్స్ అనే కంటి డాక్టరు 1920లో, కటకానికీ దీనికీ సంబంధమే లేదని, సాధన చేస్తే అద్దాలు పారేయవచ్చని పుస్తకం రాశాడు. రుజువు కాలేదు. మా బావగారి దగ్గరికొచ్చేసరికి అదే వాదం కాషాయం కట్టింది, అంతే.

బండి నడిపేవాడి ఇబ్బంది వేరు. దూరంగా రోడ్డు, ముందర మీటరు, పక్కన అద్దాలు, అన్నీ కనబడాలి. బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కూ ప్రయాణాల్లో ఇదే చిక్కు. చదవడానికొకటి, దూరం చూడడానికొకటి మార్చలేక విసిగి, రెండు రకాల అద్దాలను సగం సగం కోయించి ఒకే చట్రంలో పెట్టించుకున్నానని 1785లో మిత్రుడికి రాశాడు. గీత కనబడకుండా పవరు క్రమంగా మారే ప్రోగ్రెసివ్ అద్దాన్ని ఫ్రాన్సులో బెర్నార్ మేతెనాజ్ రూపొందించగా, అది 1959లో అమ్మకానికి వచ్చింది.

దానికీ పరిమితులున్నాయి. కింది భాగం చదవడానికి చేసింది కాబట్టి అందులోంచి చూస్తే రోడ్డు మీది గుంట మసకగా ఉంటుంది. అంచుల్లోనూ మసకే, పక్క అద్దం చూడాలంటే తల తిప్పాలి. అందుకే నేను కంటినుంచి మీటరు దాకా టేపుతో కొలిచి, 70 సెంటీమీటర్లని డాక్టరుగారికి చెప్పాను. పై భాగమంతా దూరానికి, కింద చిన్న భాగం ఆ 70 సెంటీమీటర్లకు రాశారు. హెల్మెట్లో దూరేలా సన్నని, తిన్నని కాడలు, పగలని పాలీకార్బొనేట్ అద్దాలు తీసుకున్నాను. ఖాళీ మైదానంలో రెండు రోజులు అలవాటు చేసుకున్నాకే రోడ్డెక్కాను. రాత్రికి మంచివంటూ అమ్మే పసుపు అద్దాలు కొనలేదు. ఎదుటి లైట్లు పడుతుండగా పాదచారిని గుర్తించడంలో వాటివల్ల మేలు లేదని 2019లో సిమ్యులేటర్ మీద చేసిన పరీక్షలో తేలింది.

ఒక్కటి ఒప్పుకోవాలి. నాకు 52 ఏళ్ళు, చత్వారం వచ్చి ఆరేళ్ళయింది. బావగారిది మూఢనమ్మకం. మరి నాది? ముసలివాడిలా కనబడతానని వాయిదా వేశాను. మా ఆవిడ నడుముకు ఈ రెండిటి తేడా తెలియదు కదా!