కరెంటు స్తంభం మోసిన ఇంటర్నెట్

చరిత్ర అంటే రాజులూ కోటలే అనుకుంటాం. ఇవాళ నేను కరెంటు స్తంభం చరిత్ర చెప్తాను.

మా సంగంలో బస్సు దిగి ఆత్మకూరు వైపు నాలుగడుగులు వేయండి. కరెంటు తీగలకి కింద ఇంకో నల్ల తీగ సాగిపోతుంటుంది. కేబుల్ టీవీ వైరేలే అనుకుంటాం. కొన్నిచోట్ల అది రాష్ట్రమంతటికీ వేసిన ఒక పెద్ద ప్లాను తాలూకు తీగ.

కొంచెం వెనక్కి వెళ్దాం. 2011 అక్టోబరులో కేంద్రం రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకి ఆప్టికల్ ఫైబర్ వేస్తామంది. దాన్నే తర్వాత భారత్‌నెట్ అన్నారు. పద్ధతి ఏమిటంటే భూమి తవ్వి, ఐదడుగుల పైన లోతులో పైపు పెట్టి, అందులో తీగ దూర్చాలి. ఉదయగిరి వైపు రాతినేల చూసినవాళ్లకి అది ఎంత పనో నేను చెప్పక్కర్లేదు. రోడ్ల శాఖ అనుమతి, అటవీ శాఖ అనుమతి వేరే. పైగా ఆ తీగ పంచాయతీ ఆఫీసు దగ్గర ఆగిపోతుంది. అక్కడ్నించి ఇంటికి ఎట్లా వస్తుందన్నది ఎవరూ తేల్చలేదు.

విడిపోయిన ఆంధ్రప్రదేశ్ 2015లో ఏపీ స్టేట్ ఫైబర్‌నెట్ లిమిటెడ్ అని సొంత కంపెనీ పెట్టుకుంది. వీళ్ల ఆలోచన చాలా సింపుల్. తవ్వడం ఎందుకు, ఊరూరికీ కరెంటు స్తంభం ముందే ఉంది కదా! దాదాపు 24 వేల కిలోమీటర్ల తీగ స్తంభాల మీదుగా లాగారు. సామాను పెట్టుకోడానికి సబ్‌స్టేషన్లలోనే చోటు చూసుకున్నారు. తవ్వితే వేల కోట్లయ్యే పని 333 కోట్లతో తేలిందని అప్పటి ప్రభుత్వం చెప్పుకుంది. (టెండర్ల మీద 2021లో సీఐడీ కేసు నమోదైంది. అది వేరే కథ, ఇవాళ అందులోకి పోను.) 2016 డిసెంబరులో తూర్పు గోదావరి జిల్లా మోరి గ్రామంలో మొదలైంది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి కోవింద్ గారు రాష్ట్రమంతటికీ ప్రారంభించారు. అప్పట్లో నెలకి 149 రూపాయలు. టీవీ, ఫోను, నెట్టు, మూడూ ఒకే పెట్టెలో!

బాగానే ఉంది. మరి చిక్కెక్కడ?

అమెరికాలో చట్టనూగా అనే ఊరుంది. అక్కడ ఊరి కరెంటు బోర్డే 2010లో గిగాబిట్ ఇంటర్నెట్ ఇచ్చింది. స్తంభం వాళ్లదే, తీగ వాళ్లదే, బిల్లూ వాళ్లదే. మన దగ్గర స్తంభం కరెంటు కంపెనీది, పెద్ద తీగ ఫైబర్‌నెట్‌ది, ఇంటికొచ్చే ఆఖరి ముక్క ఊళ్లో కేబుల్ ఆపరేటర్‌ది. కేబుల్ వాళ్లని కలుపుకోవడం తెలివైన పనే అంటాను నేను. వాళ్లకి ప్రతి గడపా తెలుసు. కానీ గాలివానకి తీగ తెగిందనుకోండి, ఎవరికి ఫోను చేయాలి?

ఇది నాకు స్వయంగా తెలిసొచ్చింది. 2020 లాక్‌డౌన్‌లో మా అక్క కొడుకు ఇంటర్. పాఠాలన్నీ ఆన్‌లైన్. ఇంట్లో పెట్టె ఉంది (ఏ కంపెనీదో చెప్పను), ఎర్ర లైటు వెలుగుతా ఉంది. తీగ తెగి పదకొండు రోజులు. ఒకరినడిగితే ఇంకొకరి పేరు చెప్పారు. వాడు ఫోను పట్టుకుని నీళ్ల ట్యాంకు మెట్లెక్కి కూర్చునేవాడు. అక్క కిందనుంచి అరిచేది, "ఒరే, పాఠం తర్వాత చూద్దువు, ముందు దిగిరా!" అని.

మా పెన్నా ఆయకట్టులో పెద్దవాళ్లకి ఈ మాట వెంటనే ఎక్కుతుంది. సంగం దగ్గర 1880ల్లోనే తెల్లవాళ్లు ఆనకట్ట కట్టారు. 2022 సెప్టెంబరులో కొత్త బ్యారేజీ వచ్చింది. అయినా కాలువ చివరి రైతు ఈ రోజుకీ అడిగేది ఒకటే: మా తూముదాకా నీళ్లొస్తాయా, రాకపోతే ఎవర్ని అడగాలి? కాలువకైతే లస్కరు ఉంటాడు, వెళ్లి నిలదీయొచ్చు. ఫైబర్ తీగకి లస్కరెవరో ప్లానులో ఎవరూ రాయలేదు.

మావాడు ఇంటర్ పాసయ్యాడు లెండి. ఆ పెట్టె మాత్రం ఇప్పటికీ మా అక్కావాళ్లింట్లో టీవీ పక్కనే ఉంది, మీద గుడ్డ కప్పి.

వచ్చే వారం కలుద్దాం. ఉంటాను.