సీఎన్‌సీ యంత్రాల్లో ఫీడ్ రేటు: కేటలాగ్ అంకె పనిలో ఎందుకు కనిపించదు?

సీఎన్‌సీ యంత్రం కొనేవారి చూపు మొదట పడేది ర్యాపిడ్ వేగం మీద. నిమిషానికి 30 మీటర్లు, 48 మీటర్లు, 60 మీటర్లు అంటూ కేటలాగులు ఆ అంకెనే పెద్ద అక్షరాల్లో వేస్తాయి. హైదరాబాద్ బాలానగర్‌లోనైనా, బెంగళూరు పీణ్యాలోనైనా, కోయంబత్తూరు, రాజ్‌కోట్‌లలోనైనా చిన్న జాబ్‌వర్క్ యూనిట్లు పీసుకు ఇంత అని ధర చెప్పేది యంత్రం పనిచేసే గంటలను బట్టే. టూల్ నడవాల్సిన దూరాన్ని ప్రోగ్రాములోని ఎఫ్ విలువతో భాగించి సమయం లెక్కగట్టిన యజమాని, పని మొదలయ్యాక నష్టపోతాడు. ఎఫ్ అనేది కంట్రోలర్‌కు చెప్పే గరిష్ఠ పరిమితి మాత్రమే. టూల్ నిజంగా ఎంత వేగంతో కదలాలో తేల్చేవి వేరే ఉన్నాయి.

అన్నిటికంటే మొదటి పరిమితి యంత్రం ఒంట్లోనే ఉంటుంది. సర్వో మోటారు నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతూ, బాల్ స్క్రూ ఒక్కో చుట్టుకు టేబుల్‌ను 10 మి.మీ. జరిపితే నిమిషానికి 30 మీటర్లు వస్తాయి. చుట్టుకు 20 మి.మీ. జరిపే స్క్రూ వేస్తే వేగం రెట్టింపవుతుంది గానీ, అదే మోటారుతో టేబుల్‌ను నెట్టే బలం సగమవుతుంది. స్క్రూ పొడవుతో మరో చిక్కు. పొడవు రెట్టింపైతే అది వణకడం మొదలుపెట్టే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. పొడవాటి బెడ్ ఉన్న యంత్రాల్లో ర్యాపిడ్ తక్కువగా ఉండటానికి ఇదొక కారణం.

అసలు మోసం త్వరణం దగ్గర జరుగుతుంది. కేటలాగులో దీన్ని వెతికి పట్టుకోవాలి, కొన్నిసార్లు అసలే ఉండదు. ఒక అక్షం సెకనుకు సెకనుకు 3 మీటర్ల త్వరణం ఇవ్వగలదనుకుందాం. అది నిమిషానికి 30 మీటర్ల వేగం అందుకోవడానికి దాదాపు 42 మి.మీ. దూరం కావాలి, ఆగడానికి మరో 42 మి.మీ. అంటే 84 మి.మీ. కంటే చిన్న కదలికలో ఆ వేగం ఒక్క క్షణం కూడా రాదు. 20 మి.మీ. కదలికలో అందే గరిష్ఠ వేగం నిమిషానికి 14.7 మీటర్లు. పట్టే సమయం 0.16 సెకను. కేటలాగ్ అంకెతో లెక్కేస్తే 0.04 సెకనే రావాలి, అంటే నాలుగో వంతు. అదే త్వరణంతో 60 మీటర్ల యంత్రం కొన్నా ఈ 20 మి.మీ. కదలికకు అదే 0.16 సెకను పడుతుంది. దగ్గర దగ్గరగా వంద రంధ్రాలు వేసే ప్లేటుకు అదనంగా పెట్టిన డబ్బు దండగే. కుదుపు రాకుండా కంట్రోలర్ త్వరణాన్నే మెల్లగా పెంచుతుంది కాబట్టి నిజమైన సమయం ఇంకాస్త ఎక్కువే.

మూలలు, వంపుల్లోనూ ఇదే సూత్రం. వంపు వ్యాసార్ధాన్ని, అనుమతించిన త్వరణాన్ని గుణించి వర్గమూలం తీస్తే అక్కడ వెళ్లగల వేగం వస్తుంది. త్వరణం 1 మీటరుకు పరిమితమైతే, 1 మి.మీ. వ్యాసార్ధపు వంపులో నిమిషానికి 1.9 మీటర్లు మించదు. ఎఫ్ 5,000 అని రాసినా అంతే.

అచ్చులు, డైలు చెక్కేవారికి ఇంకో అడ్డంకి ఉంది. క్యామ్ సాఫ్ట్‌వేర్ వంపు తిరిగిన ఉపరితలాన్ని వేల చిన్న గీతలుగా ముక్కలు చేస్తుంది. ఒక్కో ముక్క 0.1 మి.మీ. ఉండి, కంట్రోలర్‌కు ఒక్కో బ్లాకు చదవడానికి 10 మిల్లీసెకన్లు పడితే నిమిషానికి 600 మి.మీ. దాటడం కుదరదు. 1 మిల్లీసెకనులో చదివే కంట్రోలర్ 6,000 దాకా వెళ్లనిస్తుంది. రాబోయే బ్లాకులను ముందే చూసి వేగం సర్దుకునే లుక్ అహెడ్ సదుపాయం కూడా కావాలి. చాలా కంట్రోలర్లలో దీని మెరుగైన రూపాలను అదనపు ధరకే ఇస్తారు. ఆర్డరు పెట్టేముందు అడగాల్సిన మాట ఇది.

వేగం పెరిగినకొద్దీ కొలత కూడా చెడుతుంది. సర్వో అక్షం ఎప్పుడూ ఆదేశానికి కొంచెం వెనకే నడుస్తుంది. పొజిషన్ లూప్ గెయిన్ సెకనుకు 30 ఉన్న యంత్రంలో నిమిషానికి 3,000 మి.మీ. వేగంతో వెళితే ఈ వెనకబాటు 1.67 మి.మీ. సరళరేఖలో దానివల్ల పెద్ద నష్టం లేదు. 10 మి.మీ. వ్యాసార్ధపు వృత్తంలో మాత్రం టూల్ దారి 0.14 మి.మీ. లోపలికి కుంచించుకుంటుంది. వేగాన్ని 1,000కు తగ్గిస్తే తేడా 0.015 మి.మీ.కు దిగుతుంది. వేగం మూడింతలైతే తప్పు తొమ్మిదింతలు. ఫీడ్ ఫార్వర్డ్ ఆన్ చేస్తే ఈ తప్పు చాలా వరకు పోతుంది. దాన్ని కొలవడానికి బాల్‌బార్ పరీక్ష ఉంది, ఐఎస్ఓ 230-4 ప్రమాణం చెప్పేది ఇలాంటి వృత్త పరీక్షల గురించే.

వేడిని కూడా లెక్కలో పెట్టాలి. ఎడతెగకుండా వేగంగా తిరిగే బాల్ స్క్రూ వేడెక్కుతుంది. మీటరు పొడవున్న స్టీలు స్క్రూ 5 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.06 మి.మీ. సాగుతుంది. ఏసీ లేని షెడ్డులో ఉదయం సరిపోయిన కొలత మధ్యాహ్నానికి తప్పడం వింతేమీ కాదు. టేబుల్ స్థానాన్ని నేరుగా కొలిచే లీనియర్ స్కేలు ఉంటే ఈ బెడద తగ్గుతుంది.

ఇక టూల్ సంగతి మామూలే. నాలుగు పళ్ల కట్టర్ పంటికి 0.05 మి.మీ. చొప్పున, నిమిషానికి 8,000 చుట్లతో కోస్తే ఫీడ్ 1,600 మి.మీ. స్పిండిల్ చుట్లు పెంచలేని యంత్రానికి ఎంత ర్యాపిడ్ ఉన్నా కోత వేగం పెరగదు.

తన పనిని ఏ పరిమితి ఆపుతోందో తెలుసుకోవడానికి ఆపరేటర్‌కు ఖర్చులేని దారి ఉంది. పీసు బిగించకుండా, టూల్ గాల్లో తిరిగేలా ప్రోగ్రామును 100 శాతం ఫీడ్ ఓవర్‌రైడ్‌తో ఒకసారి, 50 శాతంతో ఒకసారి నడిపి సమయం రాసుకోవాలి. ర్యాపిడ్ నాబ్‌ను ముట్టుకోకూడదు. కోత కదలికల సమయం సగం వేగంలో రెట్టింపైతే, ఎఫ్ విలువే వేగాన్ని నిర్ణయిస్తోందని అర్థం, దాన్ని పెంచితే ఫలితం ఉంటుంది. సమయం కాస్తే పెరిగితే యంత్రం ఇంతకుముందే ఎఫ్‌ను అందుకోలేకపోతోంది. అప్పుడు మార్చాల్సింది క్యామ్‌లోని టాలరెన్స్, మూలల వ్యాసార్ధం, లేదా కంట్రోలర్ సెట్టింగులు. కొత్త యంత్రం బేరమాడేటప్పుడు కూడా విక్రేత దగ్గర సొంత పీసు ప్రోగ్రామునే నడిపించి, ఎన్ని సెకన్లు పట్టిందో చూసి ధర మాట్లాడటం మేలు.