ఉక్కు కుర్చీ, గాజు బల్ల

యాడికి ప్రాంతమున చెట్టు అరుదు, బండ సమృద్ధి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు అనంతపురపు మెట్టపై టేకును నమ్ముకొని ఇల్లు అమర్చుకొనుట సామాన్యునకు సాధ్యము కాదు.  అందుచేత తాడిపత్రి బండలే ఇచ్చటివారికి అరుగులును, గోడలోని అరలును, కూర్చుండు పీటలును అయినవి. ఇట్టి సీమకు ఉక్కు సామాను విలాసముగా గాక అవసరముగా వచ్చినది. ఈ సంగతి మనసున నుంచుకొని, నేడు ధనికులు లక్షలు వెచ్చించి సేకరించుచున్న పాత ఉక్కు కుర్చీల చరిత్రను చూడవలెనని మా అభిప్రాయము.

ఆ కుర్చీలు పుట్టినది ధనికుల కొరకు కాదు. 1925లో జర్మనీ దేశపు బౌహౌస్ కళాశాలలో గురువుగా నున్న మార్సెల్ బ్రాయర్ తాను తొక్కు సైకిలు చేతిపిడిని చూచి, ఇట్లు వంగిన గొట్టము కుర్చీకేల పనికిరాదని తలచెను. అతుకులేని ఉక్కు గొట్టమును మానెస్మాన్ సోదరులు అంతకు నలువది యేండ్ల క్రిందటనే సాధించి యుండిరి. మరుసటి యేడు హాలెండువాడైన మార్ట్ స్టామ్ గ్యాసు గొట్టములను జోడించి వెనుక కాళ్లు లేని కుర్చీని నిలబెట్టెను. 1927లో స్టుట్‌గార్టు నగరమున జరిగిన గృహప్రదర్శనమున ఇట్టివి లోకము కంట పడినవి. చెక్కడపు పని లేదు, వంశచిహ్నము లేదు, దుమ్ము పట్టు మెత్తలు లేవు. యంత్రము వేలకొలది చేయగల, గుడ్డతో తుడిచిన శుభ్రపడు సామాను అందరి యిండ్లకు చేరవలెనని వారి సంకల్పము. సంకల్పము ఘనమే గాని వెల మాత్రము కార్మికునకు అందలేదు.

మన దేశమున ఆ కళను మొదట ఆదరించినవాడు మహారాజే యగుట వింత కాదు. ఇండోరు ప్రభువు యశ్వంతరావు హోల్కారు 1930-33 సంవత్సరములలో ఎకార్ట్ ముతేసియస్ అను జర్మను వాస్తుశిల్పిచే మాణిక్ బాగ్ మందిరమును కట్టించి, లోహపు మంచములతో, గాజు బల్లలతో నింపెను. 1980లో ఆ సామాను మొనాకోలో వేలమునకు వచ్చి దేశదేశముల సేకర్తల పాలయ్యెను. మందిరము సర్కారు పన్నుల కార్యాలయమైనది! అయినను ఏ కుర్చీకి ఎవరు రూపమిచ్చిరో, ఏ గదిలో నుండెనో నేటికిని తెలియును. పటములు తీసి, పేర్లు వ్రాసి యుంచిరి గనుక.

మన తెలుగునాట జరిగిన పనికి అట్టి భాగ్యము లేదు. 1942లో హైదరాబాదున నిజాము ప్రభుత్వపు పారిశ్రామిక నిధియు, అలాదీన్ కంపెనీయు కలిసి ఆల్విన్ లోహ కర్మాగారమును స్థాపించెను. ఉక్కు బీరువాలు, బస్సుల పైకట్టులు, పిమ్మట శీతల పెట్టెలు, చేతి గడియారములు అందు తయారైనవి. 1951-52లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలకు కావలసిన ఉక్కు పెట్టెలలో కొన్నింటిని బొంబాయి గోద్రెజ్ వారివలెనే ఆల్విన్ వారును చేసిరి. నాడు ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె. చదువురానివాడు కూడ గుర్తు చూచి కాగితము వేసెను. బీరువా చేయు చేతులే ఆ పెట్టెను చేసినవని ఎందరికి జ్ఞాపకము? 1990లలో ఆ సంస్థ అంతరించినది. పెట్టెలు, బీరువాలు ఎచ్చట నున్నవో అడుగువారు లేరు.

ఇక మడత కుర్చీ సంగతి. మన పల్లెలలో కూర్చుండుటయే ఒక హక్కు. పెద్ద కులమువాడు వచ్చుచుండగా తన వాకిట తన మంచముపై నున్నవాడు లేచి నిలువవలసిన కాలమొకటి యుండెను. అది పూర్తిగా గడచినదని మేము చెప్పజాలము. మంచమునకు తలాపి, కాళ్లాపి యుండును. దానిపై ఎవరెచట కూర్చుండవలెనో ఆచారము చెప్పును. వరుసగా వేసిన ఇనుప కుర్చీలకు తలాపి లేదు. షామియానా దుకాణమునుండి అద్దెకు తెచ్చిన నూరు కుర్చీలలో ఒకటి రెండవదానికన్న ఎత్తు కాదు. ముందు వరుస, వెనుక వరుస అను భేదమును మనుష్యులు మరల కల్పించుకొనిరి; అది కుర్చీ నేరము గాదు.

అద్దపు బీరువా చరిత్ర ఇంత సుగమముగా లేదు. 1961లో వరకట్న నిషేధ చట్టము వచ్చిన పిమ్మటను అది సారె పేరిట బండ్లపై అత్తవారిండ్లకు పోవుచునే యుండెను. తండ్రి అప్పుచేసి కొన్న ఆ బీరువా తాళపుచెవి కోడలి కొంగున నుండెనా, అత్త మొలనుండెనా అనునది ఏ జాబితాలోను దొరకదు. సేకరించువారు అడుగవలసినది అదియే.

సేకరణమనగా విదేశపు అరుదైన వస్తువును కొనుట మాత్రమే యని మన ధనికులు తలచుచున్నారు. బ్రాయర్ కుర్చీకి కాపలాదారులు చాలమంది కలరు. ప్లాస్టిక్ కుర్చీలు వచ్చిన తరువాత మన ఇనుప కుర్చీలు తుప్పు పట్టి మూలబడినవి. వాని వెనుకపలకలపై దుకాణదారుని పేరో, బడికి దానమిచ్చినవాని పేరో, ఊరి పేరుతో సహా రంగుతో వ్రాసి యుండును. పాత ఇనుము కొనువాడు ఆ పేర్లు చదువడు. కిలోల లెక్కన తూచి బండిలో వేసికొని పోవుచున్నాడు.